ఎనామెల్ పూత ఉన్న హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను ఎంచుకోవడం, బిగించడం, కాపాడుకోవడం ఎలా

వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నో, నీరు కలిసిన గంధకామ్లాన్నో, క్లోరైడ్లు ఉన్న ఆమ్ల ద్రావణాన్నో చల్లబరచవలసి వచ్చినప్పుడు మామూలు ఉక్కు త్వరగా తినుకుపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుకు గుంటలు పడతాయి, వాటిని తట్టుకునే ప్రత్యేక మిశ్రలోహాల ఖరీదు చాలాసార్లు భరించలేనిదిగా ఉంటుంది. ఉక్కు బలాన్నీ గాజు నిరోధకతనూ ఒకే గోడలో కలిపిన ఎనామెల్ పూత హీట్ ఎక్స్‌ఛేంజర్లు, అంటే ఒక ద్రవం వేడిని గోడ గుండా మరో ద్రవానికి పంపే పరికరాలు, ఇక్కడే అక్కరకు వస్తాయి. ఇసుక పోటుతోనో ఉక్కు రవ్వల పోటుతోనో శుభ్రం చేసిన ఉక్కు మీద బోరోసిలికేట్ రకం గాజు పొడిని నీటిలో కలిపి చల్లి, ఆరబెట్టి, కొలిమిలో సుమారు 800 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి అతికిస్తారు. అడుగు పొరలోని కోబాల్టు, నికెల్ ఆక్సైడ్లు గాజును ఉక్కుకు పట్టి ఉంచుతాయి. దాని మీద ఒకటి తర్వాత ఒకటిగా కాల్చిన పై పొరలు రసాయనాన్ని ఎదుర్కొంటాయి. అన్నీ కలిపి సాధారణంగా 1 నుంచి 2 మి.మీ. మందం ఉంటుంది.

ఈ పరికరాలు పాడయ్యేది చాలావరకు వాటిని ఏ ఆమ్లం కోసం కొన్నారో ఆ ఆమ్లం వల్ల కాదు. శుభ్రం చేయడానికి వాడిన వేడి కాస్టిక్ సోడా, ఫ్లేంజి (పైపు కొనలను బోల్టులతో కలిపే అంచు) దగ్గర కారి బయటి ఉక్కు మీద పడిన చుక్క, ఒక్కసారిగా తెరిచిన ఆవిరి వాల్వు, వంకరగా బిగించిన బోల్టు, ఇలాంటివే ఎక్కువ నష్టం చేస్తాయి. అందువల్ల కొనుగోలుకు ఎంత శ్రద్ధ పెడతారో, కొన్న తర్వాతి పనులకు అంతకంటె ఎక్కువ శ్రద్ధ పెట్టాలన్న ఉద్దేశంతో ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

1. లోపలికి వచ్చే ప్రతి ద్రవాన్నీ కాగితం మీద పెట్టండి

మొదటి పని తయారీదారుకు ఫోన్ చేయడం కాదు. పరికరంలోకి ఏడాది పొడవునా ఏయే ద్రవాలు, ఆవిర్లు వస్తాయో, ఏ గాఢతతో, ఏ ఉష్ణోగ్రతతో, ఎంతసేపు వస్తాయో జాబితా రాయాలి. ప్రధాన రసాయనం ఎవరైనా రాస్తారు. మరచిపోయేవి మూడు: ముడిసరుకులో మలినాలుగా వచ్చేవి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య కడగడానికి వాడేవి, ఏదైనా తప్పు జరిగినప్పుడు వెనక్కి వచ్చేవి. వీటి వరుస పూర్తయిన తర్వాత ఒక్కొక్కదాన్నీ ఎనామెల్ స్వభావంతో పోల్చి చూడాలి.

హైడ్రోక్లోరిక్, నైట్రిక్, గంధకామ్లాలను, తడి క్లోరిన్‌ను, బ్రోమిన్‌ను, సేంద్రియ ఆమ్లాలలో చాలావాటిని ఎనామెల్ బాగా తట్టుకుంటుంది. ఆమ్లం గాజు ఉపరితలంలోని సోడియం వంటి అయాన్లను బయటికి లాగి వాటి స్థానంలో హైడ్రోజన్ అయాన్లను ఉంచుతుంది. అలా మిగిలిన సిలికా పొర తర్వాతి దాడిని నెమ్మదింపజేస్తుంది. క్షారం చేసే పని ఇందుకు భిన్నం. అది సిలికా అల్లికనే తెంచుతుంది కాబట్టి కాపాడే పొర ఏదీ మిగలదు, గాజు ఒకే వేగంతో అరుగుతూ పోతుంది. వేడి పెరిగిన కొద్దీ ఆ వేగం గట్టిగా పెరుగుతుంది, స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుందని లెక్క వేసుకోవచ్చు. చల్లటి పలుచని క్షారంతో కొద్దిసేపు కడగడం వేరు, 90 డిగ్రీల కాస్టిక్ ద్రావణాన్ని గంటల తరబడి తిప్పడం వేరు. మీ ప్లాంటులో కడిగే పద్ధతి రెండోదైతే పరికరం కొనకముందే ఆ పద్ధతిని మార్చాలి.

ఫ్లోరైడ్ విషయంలో రాజీ ఉండకూడదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సిలికాను సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌గా మార్చి తీసుకుపోతుంది. ఆమ్ల ద్రావణంలో ఫ్లోరైడ్ పది లక్షల భాగాలకు కొద్ది భాగాలే ఉన్నా పూతకు హాని కలుగుతుంది. ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే రియాక్టరులో (రసాయన చర్య జరిగే పాత్రలో) ఉన్న కొద్దిపాటి ఫ్లోరైడ్ ఆవిరిగా లేచి పైనున్న చల్లటి గోడల మీద ద్రవమై చేరుతుంది. రియాక్టరు నున్నగా ఉండి కండెన్సరు మాత్రం గరుకెక్కితే మొదట ఫ్లోరైడ్‌నే అనుమానించాలి. ఫాస్ఫారిక్ ఆమ్లంలోనూ ఇతర ఫాస్ఫరస్ సమ్మేళనాలలోనూ ఫ్లోరైడ్ మలినంగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి, సరుకు పంపేవారి దగ్గర ఆ పరీక్ష ఫలితం అడిగి తీసుకోండి.

చాలామందికి వింతగా తోచే మరో విషయం శుద్ధమైన నీరు. ఎక్కువ ఉష్ణోగ్రతల వద్ద నీటి ఆవిరి ఎనామెల్ మీద ద్రవమైనప్పుడు ఆ పలుచని తడిలోకి గాజులోని క్షార అంశాలు కొద్దిగా కరుగుతాయి. తడి పరిమాణం తక్కువ కాబట్టి అది త్వరగా క్షార స్వభావం పొంది గాజును తిరిగి తినడం మొదలుపెడుతుంది. అదే ఆవిరిలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటి ఎగిరే ఆమ్లం ఉంటే దాడి తగ్గుతుంది. అందుచేత నీటి ఆవిరి ఒక్కటే కదా అని వేడి పరిమితిని పట్టించుకోకుండా ఉండవద్దు.

తయారీదారులు ప్రతి రసాయనానికీ గాఢత, ఉష్ణోగ్రతల మీద అరుగుదల గీతలు ఇస్తారు. వాటిలో ఏడాదికి 0.1 మి.మీ. గీత కింద మీ పని ఉష్ణోగ్రత ఉందో లేదో చూడాలి. ఆ గీతలు ఒక్కొక్క శుద్ధ రసాయనానికి గీసినవి. మీది మిశ్రమమైతే అదే ఎనామెల్ పూసిన నమూనా ముక్కలను మీ అసలు ద్రవంలో, అసలు ఉష్ణోగ్రతలో ఉంచి బరువు తగ్గుదల కొలిపించుకోవడం ఖర్చుకు తగిన పని.

2. ఎనామెల్ నిజంగా అవసరమా అని అడగండి

గాజు ఉష్ణాన్ని అంత బాగా ప్రసరింపజేయదు. ఎనామెల్ ఉష్ణ వాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 1.2 వాట్లు, కార్బన్ స్టీలుది దాదాపు 50. ఫినాలిక్ రెసిన్‌తో రంధ్రాలు నింపిన గ్రాఫైటు, సిలికాన్ కార్బైడు రెండూ ఆమ్లాలను తట్టుకుంటూనే ఉష్ణాన్ని ఎంతో బాగా పంపుతాయి. అయితే గ్రాఫైటు బలమైన ఆక్సీకారకాలకు ఓర్వదు, దెబ్బకు సులువుగా విరుగుతుంది. సిలికాన్ కార్బైడు ఖరీదైనది. ద్రవంలో నైట్రిక్ ఆమ్లమో బ్రోమినో ఉన్నప్పుడు, ఉత్పత్తిలో లోహపు జాడ ఉండకూడనప్పుడు, అంటుకునే పాలిమర్లు గోడల మీద పేరుకునే చోట, ముందున్న రియాక్టరు కూడా గాజు పూతదే (గ్లాస్ లైనింగ్) అయినప్పుడు ఎనామెల్‌కు ఓటు వేయవచ్చు. దాని నునుపుదనం చిన్న విషయం కాదు. మడ్డి పట్టక ఏడాదంతా ఒకే రకంగా పనిచేసే గోడ, మొదటి నెల బాగా పనిచేసి తర్వాత మందగించే గోడ కంటె మేలు.

ఎనామెల్ అన్న పేరు ఉన్నదంతా ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. వాటర్ హీటర్ ట్యాంకులకు వేసే ఎనామెల్‌లో సూక్ష్మ రంధ్రాలు ఉన్నా పరవాలేదు, అక్కడ మెగ్నీషియం ఆనోడు ఉక్కును కాపాడుతుంది. పొగగొట్టపు వాయువుల నుంచి వేడిని తిరిగి పట్టే ఎయిర్ ప్రీహీటర్ రేకులకు వేసే పూత పలుచనిది, ఆమ్లం ద్రవమై పడే చోట ఉక్కు రేకు ఆయుష్షు పెంచడానికి ఉద్దేశించినది. రసాయన ప్రక్రియకు కావలసింది రంధ్రం ఒక్కటీ లేని పూత. వేడి ఆమ్లంలో ఒక్క సూది మొన రంధ్రం చాలు, దాని వెనుక ఉన్న ఉక్కు గోడ మొత్తం తొలుచుకుపోవడానికి.

3. నిర్మాణ రకాన్ని మరమ్మతును దృష్టిలో పెట్టుకుని ఎంచుకోండి

స్థూలంగా మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది ఒకదానిలో ఒకటి అమర్చిన స్తంభాకార గోడల మధ్య సందులో ఆవిరి లేదా ద్రవం పారుతుండగా, గోడల వెనుక నీరు తిరిగే రకం. గట్టిది, కీళ్లు తక్కువ, ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది. కాని సందులోకి చేయి వెళ్లదు కాబట్టి లోపల దెబ్బ తగిలితే అక్కడికక్కడే బాగుచేయడం దాదాపు అసాధ్యం.

రెండోది షెల్ అండ్ ట్యూబ్ రకం, అంటే షెల్ అనే పెద్ద కవచం లోపల ట్యూబులనే సన్నని గొట్టాల కట్ట. ఎనామెల్ పూసిన ఉక్కు ట్యూబులు నేరుగా ఉంటాయి, వాటి కొనలు ట్యూబ్ షీటు అనే రంధ్రాల పలకలో పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) సీళ్లతో విడివిడిగా బిగించి ఉంటాయి. ఒక ట్యూబు పాడైతే దాన్ని మాత్రమే తీసి కొత్తది పెట్టవచ్చు. ఇందులో ఆయువుపట్టు సీళ్లే. వేడి, చల్లదనం పదే పదే మారే బ్యాచ్ పనిలో అవి వదులవుతాయి. మూడోది పాత్రలోకి దిగవేసే వేళ్లలాంటి ఎనామెల్ గొట్టాలు, పాత్ర చుట్టూ ఉండే జాకెట్లు వంటివి. వాటి విస్తీర్ణం పరిమితం.

నిరంతరం ఒకే తీరుగా నడిచే కండెన్సరుకైతే మొదటి రకాన్నీ, బ్యాచ్‌కొక రసాయనం మారే చోట ట్యూబు మార్చగలిగే రెండో రకాన్నీ నేను ఎంచుకుంటాను.

పూత ఏ వైపు ఉండాలో ఇప్పుడే తేల్చాలి. ఆమ్లం ట్యూబులోపల పారితే లోపలి పూత, షెల్ వైపు పారితే ట్యూబు వెలుపలి పూతతోపాటు షెల్ లోపలి పూత కూడా కావాలి. రెండు వైపుల ఒత్తిళ్లలో ఏది ఎక్కువగా ఉంచాలన్నది కూడా ఆలోచించాలి. నీటి వైపు ఒత్తిడి ఎక్కువైతే రంధ్రం పడినప్పుడు నీరు ప్రక్రియలోకి వస్తుంది. ఓలియం, థయోనిల్ క్లోరైడు వంటి నీటితో ఉధృతంగా చర్య జరిపే ద్రవాలు ఉన్న చోట అది ప్రాణాపాయం. అలాంటి పనికి నీరు మానేసి, ఆ ద్రవంతో చర్య జరపని ఉష్ణ మాధ్యమాన్ని ఎంచుకోవడమే సరైన మార్గం.

4. విస్తీర్ణాన్ని పూత మందంతో కలిపి లెక్కించండి

ఈ లెక్కను మీరే ఒకసారి చేతితో చేసి చూస్తే తర్వాతి నిర్ణయాలు చాలా తేలికవుతాయి. ప్రక్రియ (రసాయనం) వైపు ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరుకు డిగ్రీకి 1000 వాట్లు, నీటి వైపు 2000 వాట్లు, ఎనామెల్ 1.2 మి.మీ., ఉక్కు 5 మి.మీ., మడ్డికి 0.0002 నిరోధం అనుకుందాం. నిరోధం గుణకానికి విలోమం, గోడ పొరలకైతే మందాన్ని ఉష్ణ వాహకతతో భాగిస్తే వస్తుంది. ప్రక్రియ వైపు నిరోధం 0.0010, నీటి వైపు 0.0005, ఎనామెల్‌ది 0.0010, ఉక్కుది 0.0001. మడ్డితో కలిపి మొత్తం 0.0028. దాని విలోమం సుమారు 357 వాట్లు. ఎనామెల్ లేకపోతే మొత్తం 0.0018, అంటే 556 వాట్లు వచ్చేది. 200 కిలోవాట్ల ఉష్ణాన్ని 40 డిగ్రీల సగటు తేడాతో తీయాలంటే పూత లేనప్పుడు 9 చదరపు మీటర్లు సరిపోతాయి, పూతతో 14 చదరపు మీటర్లు కావాలి.

ఈ అంకెలు రెండు విషయాలు చెబుతాయి. నీటి ప్రవాహాన్ని రెట్టింపు చేసినా నీటి వైపు నిరోధం 0.0005 నుంచి సుమారు 0.0003కు తగ్గుతుంది, మొత్తం మీద లాభం 8 శాతం దగ్గర ఆగిపోతుంది. చల్లదనం చాలడం లేదని పెద్ద పంపు కొనడం ఇక్కడ పనికిరాదు. రెండోది, పూతను 0.6 మి.మీ.కు తగ్గించగలిగితే గుణకం 435కు పెరిగి విస్తీర్ణం 11.5 చదరపు మీటర్లకు దిగుతుంది. పలుచని పూత ఆకర్షణీయమే, కాని అరుగుదలకు మిగిలే మందం కూడా సగమవుతుంది. మొదటి మెట్టులో ఏడాదికి 0.1 మి.మీ. అరుగుతుందని తేలిన పనికి 0.6 మి.మీ. పూత తగదు; అరుగుదల గుర్తించలేనంత తక్కువ ఉన్న పనికి తగుతుంది.

5. ఆర్డరులో ఏమి రాయాలి, సరుకు వచ్చినప్పుడు ఏమి చూడాలి

ఎనామెల్ పరికరాల నాణ్యతకు ఐఎస్ఓ 28721 ప్రమాణం ఉంది. రసాయన నిరోధక పరీక్షలకు ఐఎస్ఓ 28706, అధిక వోల్టేజి పరీక్షకు ఐఎస్ఓ 2746 ఉన్నాయి. వాటిని ఆర్డరులో పేర్కొని, పూత కనిష్ఠ, గరిష్ఠ మందాలు, పని ఉష్ణోగ్రత, ఒత్తిడి, అనుమతించే ఉష్ణోగ్రత తేడాల పట్టిక, పరీక్ష వోల్టేజి స్పష్టంగా రాయండి. కొత్త పరికరంలో టాంటలం ప్లగ్గులు (పూతలోని దెబ్బను మూసే లోహపు బిరడాలు) ఉండరాదని కూడా రాయించండి. ప్లగ్గు మరమ్మతు సాధనం, కొత్త సరుకులో దానికి చోటు ఇవ్వనవసరం లేదు.

సరుకు దిగిన రోజునే మంచి వెలుతురులో ఉపరితలాన్నంతా చూడాలి. నాజిల్ (పైపు తగిలించే మూతి) మెడలు, ఫ్లేంజి ముఖాలు, వంపు తిరిగిన అంచులు ముఖ్యం, ఎందుకంటే వంపు బిగుతుగా ఉన్న చోట గాజులో ఒత్తిడి ఎక్కువ. టార్చిని ఏటవాలుగా పట్టుకుంటే గీతలు, బుడగల గుర్తులు, అర్ధచంద్రాకారంలో లేచిన సన్నని పెచ్చులు స్పష్టంగా కనిపిస్తాయి. అయస్కాంత ప్రేరణతో పనిచేసే మందం మీటరుతో పలుచోట్ల కొలిచి ఆ అంకెలను చిత్రపటం మీద గుర్తించి దాచుకోండి; అయిదేళ్ల తర్వాత అరుగుదల చెప్పగలిగేది ఆ కాగితమే.

6. దింపడం, నిలబెట్టడం, ఫ్లేంజీలు బిగించడం

పరికరాన్ని దానికోసం ఇచ్చిన లిఫ్టింగ్ లగ్గుల నుంచే ఎత్తాలి. నాజిల్‌కు గొలుసు కట్టడం, నేల మీద దొర్లించడం, బయటి ఉక్కు మీద సుత్తితో కొట్టడం నిషిద్ధం. బయట తగిలిన దెబ్బకు లోపల గాజు పెచ్చు లేస్తుంది. లోపలికి దిగవలసి వస్తే, ముందుగా గాలిని పరీక్షించి అనుమతి పత్రం తీసుకున్న తర్వాత, మెత్తని అడుగున్న బూట్లతో, జేబులో లోహపు వస్తువులేవీ లేకుండా దిగాలి. పరికరం మీద ఎక్కడా వెల్డింగ్ చేయకూడదు, వెల్డింగ్ యంత్రపు ఎర్త్ క్లాంపును కూడా దానికి తగిలించకూడదు. ఒక చిన్న బ్రాకెట్ అతికించాలన్న ఆలోచన మొత్తం పూతను పోగొట్టగలదు.

ఫ్లేంజీలు కొలిమిలో కాలినప్పుడు కొద్దిగా వంగుతాయి కాబట్టి వాటి ముఖం అద్దంలా సమంగా ఉండదు. అందుకే లోపల మెత్తని పొర ఉన్న పీటీఎఫ్ఈ ఎన్వలప్ గాస్కెట్లు (రెండు ఫ్లేంజీల మధ్య పెట్టే, పీటీఎఫ్ఈ తొడుగు ఉన్న వలయాలు) వాడతారు. ముందుగా గాస్కెట్ లేకుండా సందును ఫీలర్ గేజితో (సన్నని కొలత రేకులతో) చుట్టూ కొలవండి. ఎక్కువ ఖాళీ ఉన్న చోట గాస్కెట్‌లో సర్దుడు పొర పెట్టాలి, అంతేగాని ఆ చోట బోల్టును అదనంగా బిగించి సందును మూయాలని చూడకూడదు. బోల్టులకు నూనె రాసి, టార్క్ రెంచితో (బిగువును కొలిచే పానాతో), ఎదురెదురు బోల్టులను వరుసగా, మూడు నాలుగు విడతలలో బిగించాలి. మొదటిసారి వేడెక్కి చల్లారిన తర్వాత పీటీఎఫ్ఈ కాస్త కుదించుకుపోతుంది. అప్పుడు ఒత్తిడి తీసేసి, చల్లగా ఉండగా, మళ్లీ అదే టార్కుకు బిగించాలి. వేడిగా ఉన్నప్పుడు బిగించడం వల్లనే ఎన్నో ఫ్లేంజి అంచులు పగులుతాయి.

పైపుల బరువూ సాగుదలా నాజిల్ మీద పడకుండా పైపులకు విడిగా ఆధారాలు, అవసరమైన చోట పీటీఎఫ్ఈ బెలోలు (సాగే ముడతల గొట్టాలు) ఉండాలి.

7. వేడి చేయడం, చల్లబరచడం

కొలిమి నుంచి బయటికి వచ్చి చల్లారేటప్పుడు ఉక్కు గాజు కంటె ఎక్కువగా కుదించుకుంటుంది, దానితో గాజు నొక్కుడులో ఉండిపోతుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్వదు. ఈ పూత పగలకుండా ఉండడానికి కారణం ఆ నిల్వ నొక్కుడే. దాన్ని పోగొట్టే పని ఏదైనా ప్రమాదమే. వేడిగా ఉన్న ఎనామెల్ మీద చల్లటి ద్రవం పడితే గాజు పైపొర ఒక్కసారిగా కుదించుకోబోయి లాగుడులోకి వెళుతుంది. చల్లటి పరికరానికి వెనుక వైపు నుంచి ఒక్కసారిగా ఆవిరి పెడితే ఉక్కు ముందుగా సాగి గాజును లాగుతుంది. 6 బార్ గేజి ఒత్తిడిలో సంతృప్త ఆవిరి ఉష్ణోగ్రత సుమారు 165 డిగ్రీలు. పరికరం 25 డిగ్రీల దగ్గర ఉంటే తేడా 140 డిగ్రీలు. చాలా పరికరాలకు అది అనుమతించిన తేడాను దాటుతుంది.

కాబట్టి ఆవిరిని మొదట తక్కువ ఒత్తిడితో, వాల్వును విడతలుగా తెరుస్తూ ఇవ్వండి. లోపలికి వచ్చే ఆవిరి నేరుగా ఒకే చోట ఉక్కును తాకకుండా అడ్డు పలక ఉందో చూడండి. ఆవిరి చల్లారి ఏర్పడే నీరు (కండెన్సేట్) నిలవకుండా దాన్ని బయటికి వదిలే ట్రాపులు సరిగా పనిచేయాలి, లేకపోతే నీటి పోట్లు పరికరాన్ని అదరగొడతాయి. ఆవిరి నుంచి కూలింగ్ వాటర్‌కు మారేటప్పుడు మధ్యలో విరామం ఇచ్చి, వీలైతే గోరువెచ్చని నీటితో మొదలుపెట్టండి. ఇవన్నీ ఆపరేటరు జ్ఞాపకానికి వదలకుండా నియంత్రణ వ్యవస్థలో ఇంటర్‌లాకులుగా (తప్పు క్రమంలో పని జరగకుండా తమంతట తామే ఆపే ఏర్పాట్లుగా) పెట్టడం మంచిది. రాత్రి షిఫ్టులో ఆలస్యమైన బ్యాచ్‌ను తొందరగా ముగించాలన్న ఒత్తిడి ఉన్నప్పుడు మనిషి కంటె ఇంటర్‌లాకే నమ్మదగినది.

టొల్యూన్, హెక్సేన్ వంటి విద్యుత్తును పంపని ద్రావకాలు వేగంగా పారితే స్థిర విద్యుత్తు పోగై, గాజును చీల్చుకుని ఉక్కులోకి దూకుతుంది. అలా పడే రంధ్రం కంటికి ఆనదు. ప్రవాహ వేగం తగ్గించడం, ద్రవం ఎత్తు నుంచి చిమ్మకుండా చూడడం దీనికి విరుగుడు. మండే ద్రావకాల విషయంలో ఇది పూతతోపాటు మనుషులను కాపాడే జాగ్రత్త కూడా.

8. ఉక్కు వైపును మరవకండి

అన్ని మెట్లలోనూ దీనికే నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను, ఎందుకంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. ఆమ్లం ఉక్కును తాకినప్పుడు అణు రూపంలో హైడ్రోజన్ పుడుతుంది. అది ఉక్కులోకి చొచ్చుకుని అవతలి వైపుకు ప్రయాణించి, గాజుకూ ఉక్కుకూ మధ్య వాయువుగా మారి పోగై, చివరికి ఎనామెల్‌ను చేప పొలుసుల్లాంటి పెచ్చులుగా ఊడగొడుతుంది. అంటే బయటి వైపు పడిన ఆమ్లం లోపలి పూతను చంపుతుంది, అదీ కొన్ని రోజుల తర్వాత, అసలు కారణం ఎవరికీ గుర్తులేని సమయంలో.

దీన్నుంచి రెండు కఠిన నియమాలు వస్తాయి. నీటి వైపు పేరుకున్న సున్నపు పొరను, తుప్పును హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుభ్రం చేయకూడదు. ఉక్కును కాపాడే నిరోధకం కలిపాం కాబట్టి ఫరవాలేదన్న మాటను కూడా నమ్మవద్దు. దాని గాఢత, వేడి, సమయం కాస్త తప్పినా హైడ్రోజన్ పుడుతుంది. తుప్పు మడ్డికి పలుచని సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని తయారీదారు చెప్పిన గాఢతలో వాడి, తర్వాత నీటితో బాగా కడగడం ఆచరణలో ఉన్న పద్ధతి. హైపోక్లోరైట్ ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆ డ్రెయిన్లలో ఆమ్లం లేకుండా చూసుకోవాలి. అన్నిటికంటె మేలు, శుద్ధి చేసి తుప్పు నిరోధకం కలిపిన నీటిని మూసిన వలయంలో తిప్పి, శుభ్రం చేసే అవసరమే రాకుండా చూసుకోవడం.

రెండో నియమం ఫ్లేంజీల గురించి. ఒక ఫ్లేంజి కింద బోల్టు చుట్టూ ఆకుపచ్చ, గోధుమ రంగుల తడి మరక కనిపించిందనుకోండి. గాస్కెట్ నుంచి చుక్క చుక్కగా కారిన ఆమ్లం ఇన్సులేషన్ వెనకకు జారి అక్కడ ఉక్కును తడిపి ఉంచుతోందన్న మాట. మరకను తుడిచి ఊరుకోవద్దు. ఇన్సులేషన్ విప్పి, నీటితో కడిగి, పలుచని సోడా ద్రావణంతో తటస్థపరచి, ఆరబెట్టి, రంగు వేయాలి, గాస్కెట్‌ను మార్చాలి, ఆ చోటుకు సరిగ్గా లోపలి వైపున ఉన్న పూతను వచ్చే అవకాశంలోనే పరీక్షించాలి. ఫ్లేంజీల చుట్టూ ఆమ్లం పక్కకు జారిపోయేలా చిన్న రేకు కవచాలు పెట్టడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే ఏర్పాటు.

పరికరాన్ని చాలాకాలం ఆపి ఉంచితే జాకెట్టులోనూ షెల్‌లోనూ నీరు ఖాళీ చేయండి. గడ్డకట్టే చలి ఉన్న చోట మిగిలిన నీరు మంచై వ్యాకోచించి ఉక్కును వంచుతుంది, దానితో గాజు పగులుతుంది.

9. నడుస్తుండగా గమనించవలసినవి

పూత తెగిందని తెలిపే మొదటి జాడ సాధారణంగా ఉత్పత్తిలో ఇనుము. రంగు లేకుండా ఉండవలసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పసుపు రంగుకు తిరిగితే, ముడిసరుకులో మార్పు లేకపోతే, ఎక్కడో ఉక్కు బయటపడిందని అర్థం. ఇనుము శాతాన్ని క్రమం తప్పకుండా కొలిచే ప్లాంటు పూత దెబ్బను గోడకు రంధ్రం పడకముందే పట్టుకుంటుంది. రెండో కాపలా తిరిగి వచ్చే కూలింగ్ వాటర్‌లో పెట్టిన విద్యుద్వాహకత మీటరు లేదా పీహెచ్ మీటరు. ఇది మోగేసరికి గోడకు రంధ్రం పడిపోయి ఉంటుంది కాబట్టి దీన్ని చివరి రక్షణగా భావించాలి. విద్యుత్తును పంపే ద్రవాలకు, లోపల టాంటలం ఎలక్ట్రోడు పెట్టి ఉక్కుతో కలిగే విద్యుత్ ప్రవాహాన్ని నిరంతరం కొలిచే వ్యవస్థలు కూడా ఉన్నాయి.

ఆపిన ప్రతి పెద్ద విరామంలో కంటితో చూడడం, మందం కొలవడం చేయాలి. మెరుపు తగ్గడం దానంతట అది ప్రమాదం కాదు. గరుకుదనం, సూది గుంటలు, అడుగు పొర నల్లని రంగు కనిపించడం ప్రమాద సూచనలు. పూతలోని రంధ్రాలను పట్టడానికి అధిక వోల్టేజి ఉన్న బ్రష్షుతో చేసే స్పార్క్ టెస్టును మాత్రం మితంగా చేయండి. తయారీ కేంద్రంలో కొత్త పూతకు 20 కిలోవోల్టుల దాకా వాడతారు, కాని వాడుకలో ఉన్న పూతకు తయారీదారు సూచించిన, అంతకంటె తక్కువ వోల్టేజి వాడాలి. ఉపరితలం శుభ్రంగా, పొడిగా ఉండాలి. మండే ఆవిర్లు లేవని రుజువు చేసుకోవాలి. బ్రష్షును ఒకే చోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. అనుమానం లేని చోట పదే పదే నిప్పు రవ్వలు పుట్టించే పరీక్ష చేయడం వల్ల బలహీనమైన చోట్ల కొత్త రంధ్రాలు పడవచ్చు.

లోపల పేరుకున్నదాన్ని తీయడానికి ఇనుప గీకుళ్లు వద్దు. తగిన ద్రావకంతో నానబెట్టి, ప్లాస్టిక్ లేదా చెక్క పనిముట్లతో తీయండి.

10. దెబ్బ తగిలిన తర్వాత

ఉక్కు బయటపడిన చోటు కనిపించగానే పరికరాన్ని ఆపండి. చేయి అందే చోట, దెబ్బ చిన్నదైతే, టాంటలం టోపీ కింద పీటీఎఫ్ఈ గాస్కెట్ పెట్టి ఉక్కులోకి మర బిగించే ప్లగ్గు వేస్తారు. చుట్టూ మిగిలిన సందును ఆ రసాయనానికి తగిన సిమెంటుతో నింపుతారు. టాంటలం కూడా ఫ్లోరైడ్‌కు, వేడి క్షారానికి, స్వేచ్ఛా సల్ఫర్ ట్రయాక్సైడ్ ఉన్న గంధకామ్లానికి లొంగుతుంది. అంతేకాదు, అది ఆమ్లంలో బయటపడిన ఉక్కుతో విద్యుత్ సంబంధంలో ఉంటే హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందువల్ల ఒక ప్లగ్గు పక్కన కొత్త రంధ్రం పడితే ఆ ప్లగ్గును కూడా తీసి పరీక్షించాలి. ట్యూబుల రకంలో మరమ్మతుకు ప్రయత్నించకుండా పాడైన ట్యూబును మార్చండి. మార్చేదాకా నడపక తప్పకపోతే తయారీదారు అనుమతించిన విధంగా రెండు కొనలా మూసి, తగ్గిన విస్తీర్ణానికి తగినట్టు బ్యాచ్ వేగాన్ని తగ్గించండి.

పూత పలుచోట్ల దెబ్బతిన్నా, అంతటా సమంగా అరిగి కనిష్ఠ మందం కంటె తగ్గినా ప్లగ్గుల మీద ప్లగ్గులు వేయవద్దు. ఉక్కు బాగుంటే పాత గాజును పూర్తిగా తొలగించి, మళ్లీ పూసి, కొలిమిలో కాల్చి ఇవ్వవచ్చు. పంపేముందు ఉక్కు మందాన్ని అల్ట్రాసోనిక్ పద్ధతిలో కొలిపించండి, కొలిమిలో కాలిన ప్రతిసారీ ఉక్కు కొంత వంగుతుంది కాబట్టి ఫ్లేంజి ముఖాల కొలతలు కూడా తీసుకోండి. పాత పరికరంలో మొదటి రోజు రాసిపెట్టిన మందాల చిత్రపటాన్ని, దెబ్బ తగిలిన చోట్ల ఫోటోలను, ఆ రోజుల్లో నడిచిన ద్రవాల జాబితాను పరికరంతోపాటు పంపితే, తిరిగి పూసేవారు ఆ చోటుకు తగిన ఎనామెల్ రకాన్ని, మందాన్ని నిర్ణయించగలుగుతారు.